పటం విప్పితే గోడ చాలదు: మతసంస్థల డిగ్రీ కాలేజీలో చిత్రశాల చేసే పని

చేర్యాలలో నకాషీ చిత్రకారులు కులపురాణ కథను గుడ్డ మీద బొమ్మలుగా గీసే పటం ఒకటి పూర్తిగా విప్పితే మూడడుగుల వెడల్పు, 40 నుంచి 60 అడుగుల పొడవు ఉంటుంది. కథ చెప్పేవాళ్లు దాన్ని గుంజలకు కట్టిన కర్రకు వేలాడదీసి, కథ నడిచేకొద్దీ ఒక్కో బొమ్మల వరుసనూ విప్పుతూ పోతారు. కాలేజీ గది ఎత్తు మామూలుగా పది, పన్నెండు అడుగులు. అక్కడ పటంలో మూడో వంతు కూడా ఒక్కసారి కనపడదు. ఏ భాగం విప్పి ఉంచాలి, ఏది చుట్టి పెట్టాలి, ఆ మాట ఎవరు చెప్పాలి? హనుమకొండలోనో కాజీపేటలోనో చర్చి నడిపే డిగ్రీ కాలేజీ ఒక చిత్రశాల పెట్టాలనుకుంటే ఈ ప్రశ్న మొదటి రోజే ఎదురవుతుంది. దేవస్థానం నడిపే కాలేజీకైనా, ముస్లిం విద్యాసంఘం నడిపే కాలేజీకైనా అంతే.

2020 జాతీయ విద్యావిధానం తర్వాత ‘లిబరల్ ఆర్ట్స్’ (కళలు, శాస్త్రాలు కలిపి చదివే విశాల విద్య) అనే మాట జిల్లా కాలేజీల దాకా వచ్చింది. దాంతో పాటే రెండు సందేహాలూ వస్తాయి. మతసంస్థ కాలేజీలో బొమ్మల గది అంటే ప్రచారానికి ఇంకో దారా? లేక కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చిన రోజు తాళం తీసి చూపించే గది మాత్రమేనా? ఈ రెండూ కాకుండా దానికి ఇంకేం పని ఉండగలదు, అది ఎలా నడుస్తుంది, ఎక్కడ చెడుతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సంక్షిప్తంగా

చిత్రశాల ప్రార్థనాలయం కాదు, ప్రదర్శనా దుకాణమూ కాదు. పూజలో ఉన్న వస్తువును, కథలో ఉన్న వస్తువును, దాని గౌరవం తగ్గకుండా చదువులోకి తెచ్చే చోటు అది. పవిత్రత అంటే ఏమిటో మతసంస్థకు లోపలి నుంచి తెలుసు, అది దాని బలం. తనకు నచ్చని పవిత్రతను పక్కన పెట్టే అధికారం కూడా దాని చేతిలోనే ఉంది, అది దాని ప్రమాదం. ఉత్తర తెలంగాణలో ఈ రెండూ చాలా దగ్గరగా ఉంటాయి. ఎందుకంటే ఇక్కడి బొమ్మలకు కులపురాణాలతో, ఆ కులాల నుంచి మతం మారిన కుటుంబాల చరిత్రతో నేరుగా సంబంధం ఉంది.

ఏడు విద్యల్లో లేని చిత్రకళ

లిబరల్ ఆర్ట్స్ అనే భావన యూరప్ మఠాల్లో, తర్వాత విశ్వవిద్యాలయాల్లో స్థిరపడినప్పుడు అందులో ఏడు విద్యలున్నాయి: వ్యాకరణం, వక్తృత్వం, తర్కం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. చిత్రలేఖనం ఈ ఏడింటిలో లేదు. అది చేతిపని కింద లెక్క. గోడల మీద బొమ్మలు లేని చర్చి అరుదుగా ఉన్న రోజుల్లోనూ బొమ్మ గీసేవాడికి పండితుడి హోదా లేదు. ఆధునిక కాలంలో కాలేజీలు చిత్రశాలలు పెట్టుకోవడం ఒక రకంగా ఆ పాత లోటును పూడ్చుకోవడమే.

మన దగ్గర లెక్క వేరని అనిపిస్తుంది. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో ఆలేఖ్యం, అంటే చిత్రలేఖనం ఉంది. బాణభట్టుడి కాదంబరి ఈ 64 కళలను చెప్పిందని 2020 విద్యావిధానం గుర్తు చేస్తుంది. గానం, చిత్రలేఖనంతో పాటు రసాయనం, గణితం, వడ్రంగం కూడా అందులో కళలేనని చెబుతుంది. జాబితా వరకు ఇది నిజం. ఆచరణలో మాత్రం పుస్తకం ఒక ఇంట్లో, కుంచె ఇంకో ఇంట్లో ఉండిపోయాయి. చేర్యాల పటం నకాషీ కుటుంబాల పని. పెంబర్తి ఇత్తడి రేకు పని విశ్వకర్మలది. ఆ ఇళ్ల పిల్లలు చదువుకోవడానికి కాలేజీకి వచ్చినప్పుడు వాళ్ల ఇంటి విద్యకు సిలబస్‌లో చోటు దొరకదు. చిత్రశాల ఆ చోటు ఇవ్వగలదు. వరంగల్ చుట్టుపక్కల కాలేజీకి మిగతా కారణాలన్నిటికంటే ఇదే పెద్ద కారణం.

చాపెల్ ఒకటి, చిత్రశాల ఒకటి

మంగళూరు సెయింట్ అలోషియస్ కాలేజీని చూస్తే తేడా తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడి చాపెల్ (ప్రార్థనా మందిరం) గోడలనూ కప్పునూ ఆంటోనియో మోస్కెనీ అనే ఇటాలియన్ జెస్యూట్ (ఒక కథోలిక సన్యాస సంఘానికి చెందిన) చిత్రకారుడు 1901 నాటికి బొమ్మలతో నింపాడు. వాటిని చూడటానికి పర్యాటకులు వస్తారు, కానీ అది ఇప్పటికీ ప్రార్థన జరిగే చోటే. అదే కాలేజీకి 1913 నుంచి అలోషియం అనే మ్యూజియం విడిగా ఉంది. ముంబయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో స్పెయిన్ నుంచి వచ్చిన జెస్యూట్ చరిత్రకారుడు హెన్రీ హెరాస్ 1926లో మొదలుపెట్టిన పరిశోధనా సంస్థది మూడో దారి. అది ప్రాచీన భారత శిల్పాలు, నాణేలతో పాటు భారతీయ క్రైస్తవ చిత్రకళనూ సేకరించింది. అమెరికాలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం 1993లో ఇంకో అడుగు వేసింది. వాడుకలో లేని ఒక జెస్యూట్ చాపెల్‌నే సమకాలీన మతచిత్రకళకు మ్యూజియంగా మార్చింది. ఏ ఒక్క మతానికో కట్టుబడని ప్రదర్శనలకు అది చోటిచ్చింది.

ఉత్తర తెలంగాణలో దీనికి దగ్గరి ఉదాహరణ కాలేజీ కాదు, చర్చి. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథడ్రల్‌లో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు కలిసి కనపడతాయి. 1912లో ఆంగ్లికన్ బిషప్ అయిన తొలి భారతీయుడు వి.ఎస్.అజరయ్య కట్టించిన చర్చి అది. మెదక్‌లో 1924లో పూర్తయిన కెథడ్రల్ ఇంగ్లండ్ గోథిక్ పోకడలో, రంగు అద్దాల కిటికీలతో ఉంది. పదిహేనేళ్ల తేడాలో, తెలంగాణలోనే, ఒకే మతం రెండు రకాల రూపాలు ఎంచుకుంది. ఎందుకు అన్న ప్రశ్నను ఆదివారం ఆరాధనలో ఎవరూ అడగరు, అడగాల్సిన పనీ లేదు. ఆ ప్రశ్నకు చిత్రశాలే సరైన చోటు.

ఈ విభజనకు చట్టం వైపు నుంచీ ఒక కారణం ఉంది. రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కు ఇస్తుంది. 28వ అధికరణంలోని మూడో క్లాజు దాని పక్కనే ఒక హద్దు గీస్తుంది: ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న సంస్థలో చదివేవారిని వారి సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ రమ్మని ఒత్తిడి చేయకూడదు. చిత్రశాల సందర్శనకు మార్కులో క్రెడిట్లో పెడితే అది అందరికీ తప్పనిసరి అవుతుంది. తప్పనిసరి అయిన గదిలో ప్రార్థన ఉండకూడదు. అందుకే ఆ గది చాపెల్‌కు వరండాలా ఉండకుండా, లైబ్రరీ పక్కనో చరిత్ర విభాగం పక్కనో ఉండటం మేలు. ఒక చిన్న విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. అమ్మవారి విగ్రహం ముందుకు రాగానే కొందరు చెప్పులు విడుస్తారు. విడవమని బోర్డు పెట్టకూడదు, విడిచినవాళ్లను వద్దనకూడదు.

జాంబ పురాణం ఎవరిది

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, అంతకుముందు వరంగల్ జిల్లాలో ఉండేది. అక్కడి పటం అలంకారం కోసం పుట్టలేదు. ఒక్కో కులానికి, దాని పురాణం చెప్పి దాని పోషణలో బతికే ఒక్కో ఆశ్రిత కులం ఉంది. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. రజకులకు మడేలు పురాణం ఉంది, గౌడులకు గౌడ పురాణం ఉంది. మాదిగలకు డక్కలి వాళ్లు జాంబ పురాణం చెబుతారు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో చెప్పుకోవాలన్నది మిరాశీ హక్కు, అంటే వంశపారంపర్యంగా వచ్చే హక్కు. పటం గీసేది నకాషీలు, మోసుకు తిరిగేది కథకులు, పోషించేది దాత కులం. మూడు ఇళ్లు కలిస్తేనే పటం బతుకుతుంది. కథ చెప్పే ముందు దానికి పూజ చేస్తారు. పూర్తిగా పాతబడి చిరిగిపోతే మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్లలో వదులుతారు. పాత పటాలు ఎక్కువగా మిగలకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడు ఆ పటాన్ని చర్చి కాలేజీ గోడ మీద ఊహించుకోవాలి. అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ 1879లో హనుమకొండకు వచ్చింది. వరంగల్ కథోలిక మేత్రాసనం (బిషప్ పాలనలోని చర్చి ప్రాంతం) 1952లో ఏర్పడింది. ఈ ప్రాంతంలో క్రైస్తవ సంఘాలు పెద్ద ఎత్తున పెరిగింది మాల, మాదిగ వాడల నుంచేనని డోర్నకల్, మెదక్ చరిత్రలు చెబుతాయి. అంటే అదే కాలేజీలో చదివే ఎందరో విద్యార్థుల ముత్తాతలు జాంబ పురాణం విని పెరిగినవాళ్లే. భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవుడని, తాము అందరికంటే పెద్దవాళ్లమని చెప్పే కథ అది. ఊరు వాళ్లను చివర నిలబెట్టినప్పుడు ఆ కథ వాళ్లను అందరికంటే ముందు నిలబెట్టింది. బాప్తిస్మంతో పాటు ఆ కథను వదిలేయమని కూడా చెప్పారు. అలా చెప్పిన వ్యవస్థకు వారసురాలైన కాలేజీయే ఈ రోజు ఆ పటాన్ని గోడకు పెడితే, అది జానపద కళా ప్రదర్శన ఒక్కటే కాదు. తన చరిత్రను తాను మళ్లీ చదువుకోవడం కూడా.

ఇది అంత సులువు కాదు, సున్నితంగా చేయాల్సిన పని. తెలంగాణలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు. హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా వర్తిస్తుందని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలు చెబుతున్నాయి. ఇంట్లో ఒక కులపురాణ పటం ఉందనో, తాత డక్కలి వాళ్లకు కట్నం ఇచ్చేవాడనో ఒక విద్యార్థి చెప్పిన మాట లేబుల్ మీద పేరుతో సహా ఎక్కితే, అది ఆ కుటుంబానికి అనవసరమైన టెన్షన్ తెచ్చిపెట్టవచ్చు. కాబట్టి లేబుల్ మీద నకాషీ పేరు, కథకుడి పేరు తప్పకుండా ఉండాలి. వస్తువు ఇచ్చిన ఇంటి పేరు వాళ్లు కోరితేనే ఉండాలి. ఇప్పటి ప్రదర్శనల్లో తరచు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. దాత పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, గీసినవాడి దగ్గర ‘జానపద కళ’ అన్న రెండు మాటలే ఉంటాయి.

దేవస్థానం కాలేజీకి కూడా ఇలాంటి పరీక్షే ఉంది. జాంబ పురాణంలో దేవుళ్లను జాంబవుడు నిలదీస్తాడు. ఆ ఘట్టం ఉన్న వరుస విప్పి ఉంచాలా, చుట్టి ఉంచాలా? ముస్లిం సంస్థ కాలేజీలో మనుషుల బొమ్మల గురించే సందేహం రావచ్చు. అక్కడ ప్రారంభం పెంబర్తి నుంచి జరగవచ్చు. గుడి వాహనాలకు, విగ్రహాల తొడుగులకు రేకు సాగగొట్టిన చేతులే నిజాం కాలంలో పాన్‌దాన్‌లు, అత్తరుదాన్‌లు చేశాయి. ఒకే సుత్తి రెండు మతాల ఇళ్లకు పనిచేసిందని చెప్పడానికి ఆ రెండు వస్తువులను పక్కపక్కన పెడితే చాలు.

తరగతికి ఏం వస్తుంది

నకాషీలు ముందు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూత వేస్తారు. ఒక పూత ఆరాకే ఇంకోటి. పాత పద్ధతిలో ఎరుపు ఇంగిలీకం నుంచి, పసుపు హరిదళం నుంచి, నలుపు దీపపు మసి నుంచి, తెలుపు శంఖం పొడి నుంచి వచ్చేవి. కెమిస్ట్రీ విద్యార్థికి ఇంగిలీకం అంటే పాదరసం సల్ఫైడ్, హరిదళం అంటే ఆర్సెనిక్ సల్ఫైడ్. రెండూ విషపదార్థాలే. వాటిని నూరిన చేతుల ఆరోగ్యం ఏమైందన్న ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. తెలుగు విద్యార్థికి కథనం దొరుకుతుంది: ఇదే కథ రాసిన పుస్తకంలో ఎలా ఉంది, బొమ్మల వరుసలో ఎలా ఉంది, నోటితో చెప్పినప్పుడు ఏం మారింది. బీకాం విద్యార్థి మిరాశీ వ్యవస్థను ఒక మార్కెట్‌గా చదవవచ్చు. పోషక కులం చేతివృత్తి దెబ్బతింటే కథకుడి ఆదాయం పడిపోయింది, కథకుడు కొత్త పటం అడగకపోతే నకాషీ ఆదాయం పడిపోయింది. చేర్యాలలో ఇప్పుడు పొడవాటి పటాల కంటే గోడకు తగిలించే చిన్న బొమ్మలు, మాస్కులు ఎక్కువ కనపడటానికి మూలం అక్కడుంది.

ఆధునిక చిత్రకారులూ ఈ ప్రాంతానికి తక్కువేం లేరు. కొండపల్లి శేషగిరిరావు పూర్వపు వరంగల్ జిల్లా పెనుగొండలో పుట్టి శాంతినికేతన్‌లో చదువుకున్నారు. తోట వైకుంఠం కరీంనగర్ వైపు బూరుగుపల్లి నుంచి వచ్చారు. సిద్దిపేటలో కాపు రాజయ్య పల్లె జీవితాన్ని గీశారు. వాళ్ల అసలు చిత్రాలు కొనే స్తోమత జిల్లా కాలేజీకి ఉండదు. అచ్చు ప్రతులతో, బయటి నుంచి తెచ్చుకునే అరువు ప్రదర్శనలతో సరిపెట్టుకోవచ్చు. హనుమకొండలో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, 2024 నవంబరులో కాళోజీ కళాక్షేత్రం మొదలైంది. ఊళ్లోనే ఉన్న ఈ సంస్థలతో కలిసి నడవకుండా ఏ కాలేజీ అయినా ఒంటరిగా మ్యూజియం కట్టుకోవడం డబ్బు వృథా.

వద్దన్నప్పుడు ఏం జరుగుతుంది

చిత్రశాలకు అసలు పరీక్ష యాజమాన్యానికి నచ్చని బొమ్మ వచ్చిన రోజున ఎదురవుతుంది. 1997లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఫ్రెంచి శిల్పి రోడాన్ శిల్పాల ప్రదర్శన తెప్పించింది. మోర్మన్ చర్చి నడిపే సంస్థ అది. నగ్నత కారణంగా ‘ద కిస్’తో సహా నాలుగు శిల్పాలను పెట్టెల్లోంచి తీయలేదు. విద్యార్థులు నిరసన తెలిపారు. తనకంటూ ఒక విలువల చట్రం పెట్టుకునే హక్కు మతసంస్థకు ఉంది. అయితే ఒప్పుకున్న ప్రదర్శన ఊళ్లోకి వచ్చాక నాలుగింటిని పెట్టెలోనే ఉంచేయడం వేరు, ముందే నియమం రాసుకుని దాని ప్రకారం ప్రదర్శనను ఎంచుకోవడం వేరు. మొదటిది విద్యార్థికి భయం నేర్పుతుంది. రెండోదానితో కనీసం వాదించవచ్చు.

2007లో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో జరిగింది ఇంకా తీవ్రం. పరీక్ష కోసం క్యాంపస్‌లో పెట్టిన చిత్రాల్లో దేవతల బొమ్మలున్నాయని బయటివాళ్లు వచ్చి గొడవ చేశారు. ఆ బొమ్మలు వేసిన తెలుగు విద్యార్థిని పోలీసులు అరెస్టు చేశారు. విద్యార్థి పక్షాన నిలబడిన ఇన్‌చార్జి డీన్ సస్పెండయ్యారు. అది మతసంస్థ కాదు, ప్రభుత్వ విశ్వవిద్యాలయం. సెక్యులర్ సంస్థ అయినంత మాత్రాన రక్షణ దొరకదని ఆ ఘటన చెబుతుంది. మూల్యాంకనం కోసం పెట్టింది ఏది, బహిరంగ ప్రదర్శన ఏది, అభ్యంతరం వస్తే ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో ఎవరు జవాబిస్తారు అన్నవి కాగితం మీద లేకపోతే గొంతు పెద్దదైనవాడిదే నిర్ణయం అవుతుంది.

అభ్యంతరం సొంత మతం లోపలి నుంచే రావడం మరీ సాధారణం. గోవాలో పుట్టిన ఆంజెలో ద ఫోన్సెకా శాంతినికేతన్‌లో చదివి వచ్చి మరియమ్మను చీరలో గీశాడు. ఆ బొమ్మలు గోవాలో కొందరు చర్చి పెద్దలకు, విశ్వాసులకు రుచించలేదు. ఆయన పుణెలోని ఒక క్రైస్తవ ఆశ్రమంలో ఉండి పనిచేశాడు. 1967లో చనిపోయాడు. ఆయన చిత్రాల పెద్ద సేకరణ ఇప్పుడు గోవాలోనే జెస్యూట్‌ల జేవియర్ సెంటర్ దగ్గర ఉంది. ఒక తరం వద్దన్నదాన్ని ఇంకో తరం భద్రపరుస్తోంది. కాలేజీ ఎంపిక కమిటీలో బయటి చిత్రకారుడు ఒకరు, వేరే మతానికి చెందిన అధ్యాపకుడు ఒకరు, విద్యార్థి ఒకరు ఉండాలని అడగడం ఇందుకే. కరస్పాండెంట్ ఒక్కరి అభిరుచి ఎంత మంచిదైనా అది ఒక తరానిదే.

వెలుతురు, పురుగు, కాగితాలు

గుడ్డ మీద, కాగితం మీద ఉన్న రంగులకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు మించకూడదని మ్యూజియంల సాధారణ ప్రమాణం. నూనె రంగులు 200 దాకా తట్టుకుంటాయి. క్లాస్‌రూమ్ కిటికీ పక్కన పగటి వెలుతురు దీనికి ఎన్నో రెట్లు. వెలుతురు చేసే నష్టం రోజూ కొంచెం కొంచెంగా పోగవుతుంది, తర్వాత చీకట్లో పెట్టినా పోయిన రంగు తిరిగి రాదు. అందుకే పటాన్ని ఏడాదంతా వేలాడదీయకుండా, కొన్ని నెలలకోసారి చుట్టి వేరేది పెట్టాలి. చింతగింజల పిండి, గంజి పురుగులకు ఇష్టమైన తిండి. వానాకాలం తేమలో బూజు, చెదలు, వెండిపురుగు మొదట వెతికేది దాన్నే.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. కాకతీయుల నేల కాబట్టి ఊళ్లలో, పొలాల్లో పాత శిల్పాలు కనపడుతూనే ఉంటాయి. వాటిని కాలేజీకి తెచ్చి నిలబెట్టడం భక్తితో చేసినా చట్టవిరుద్ధం కావచ్చు. నేలలో దొరికినవి 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టర్‌కు తెలియజేయాలి. నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాల విషయంలో 1972 పురావస్తువుల చట్టం కింద నమోదు నియమాలు పాటించాలి. చిత్రాల కాపీరైట్ విషయంలోనూ తికమక ఉంది. గీసి ఉన్న బొమ్మను కొంటే బొమ్మ కాలేజీదవుతుంది, కాపీరైట్ మాత్రం రాతపూర్వకంగా ఇస్తే తప్ప చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. దాన్ని కాలేజీ క్యాలెండర్ మీద అచ్చువేయాలంటే అడగాలి. డబ్బిచ్చి ప్రత్యేకంగా గీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, గీయించుకున్నవారే కాపీరైట్ మొదటి యజమాని అవుతారు. చేర్యాల నకాషీలతో పని ఎక్కువగా ఈ రెండో రకంగానే జరుగుతుంది. కాబట్టి ఒప్పందంలో వాళ్ల హక్కు రాయకపోతే వాళ్లకు తెలియకుండానే పోతుంది. బొమ్మను పాడుచేసినా వికృతం చేసినా అడిగే హక్కు మాత్రం కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద చిత్రకారుడికి ఎప్పుడూ ఉంటుంది. ప్రదర్శించలేదని అడిగే హక్కు ఉండదు.

ఆ ఒప్పందంలో చట్టం అడగని ఒక పంక్తి కూడా ఉండాలి. డక్కలి కుటుంబం నుంచి పాత పటం కొన్నప్పుడు, ఏడాదికి ఒక రాత్రి దాన్ని గోడ మీద నుంచి దించి, గుంజలకు కట్టి, కథ చెప్పడానికి వాళ్లకు ఇస్తారా లేదా? పూర్తిగా శిథిలమైన రోజున దాన్ని స్టాక్ రిజిస్టర్‌లో కొట్టేసి పాత సామాను గదిలో పడేస్తారా, లేక కర్మ చేసి నీళ్లలో వదలడానికి వాళ్ల చేతికి తిరిగి అప్పగిస్తారా? జవాబు ఏదైనా, డబ్బు చేతులు మారకముందే రాసుకోవాలి.